12 కెమెరాలున్నా ఒక్క మనిషి కనపడలా

మా అక్కావాళ్ళకి విడవలూరు మండలంలో ఆరు రొయ్యల గుంటలున్నాయి, అన్నీ కలిపి తొమ్మిదెకరాల దాకా ఉంటాయి. పట్టుబడికి, అంటే పెరిగిన రొయ్యల్ని పట్టడానికి, ఇంక రెండ్రోజులుందనగా ఒక రాత్రి ఎవరో కాలవ వైపు మూల గుంటలో విసురు వల వేసి పోయారు. ఎంత పోయిందో లెక్క తెలీదు గానీ తెల్లారి చూస్తే గట్టు మీద వల ఈడ్చిన తడి, పక్కకి తోసేసిన చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం), బురదలో అడుగులు. నాలుగు నెలలు రాత్రీ పగలూ లేకుండా, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తి, ఆక్సిజన్ తగ్గితే గుండె దడతో ఏరియేటర్ల పక్కన నిలబడి పెంచిన వనామి రొయ్య అది. బావ ఆ పొద్దు అన్నం తినలా.

ఆ గుంటల చుట్టూ 12 కెమెరాలున్నాయి. అన్నీ ఒకే రకం, గొట్టంలాగ ఉండే బుల్లెట్ కెమెరాలు, 4 మెగాపిక్సెల్. రికార్డింగ్ తీసి చూస్తే ఏముంది, రాత్రి 2 దాటాక 7వ నంబరు కెమెరాలో ఒక తెల్లటి మచ్చ ఎడమ నుంచి కుడికి 40 సెకన్లు కదిలింది, అంతే. మనిషో, కుక్కో, గాలికి దొర్లిన మేత సంచో చెప్పలేం. మిగతా రాత్రంతా సాలెపురుగే. లెన్సు ముందు గూడు కట్టుకుంది, దాని మీద కెమెరా ఐఆర్ వెలుగు (చీకట్లో చూడ్డానికి అది వేసే, మన కంటికి కనపడని వెలుగు) పడి తెల్లటి తాళ్ళలాగ ఊగుతా ఉంది, ఊగినప్పుడల్లా బావ ఫోనుకి మోషన్ అలర్ట్. ఒక్క రాత్రిలో అన్ని వస్తే ఎవరు మాత్రం ఎన్నని చూస్తారు, నోటిఫికేషన్ ఆపేసి పడుకున్నాడు, నేనైనా అదే చేసేవాణ్ణి.

కెమెరాలు బిగించిన షాపతను వచ్చి చూసి, ఇంకో 8 పెడదాం సార్, ఈసారి 8 మెగాపిక్సెల్‌వి పెడదాం, క్లియర్‌గా వస్తుంది అన్నాడు. బావ సరే అనబోయాడు. నేను ఆపించా. బెంగుళూరులో ఆరేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఇదే, వీడియోలో కదిలేవాటిని వెంబడించే సాఫ్ట్‌వేర్ రాయడం, ఇప్పుడు నెల్లూరు నుంచే చేస్తున్నా. సొంత అక్క గుంట దగ్గర ఇట్టా జరిగాక గానీ నేను ఒక కాగితం మీద ఈ లెక్క వేసి వాళ్ళకి చూపించలేదు, ఆ బాధ నాకుంది.

లెక్క చూడండి. 2.8 ఎంఎం లెన్సు ఉన్న బుల్లెట్ కెమెరా దాదాపు 100 డిగ్రీల వెడల్పు చూస్తుంది. 40 మీటర్ల దూరంలో ఆ వెడల్పు 95 మీటర్లు. బొమ్మ అడ్డంగా ఉండేది 2,688 పిక్సెల్స్. అంటే మీటరుకి 28 పిక్సెల్స్. భుజాల వెడల్పు అర మీటరు అనుకుంటే మనిషికి వచ్చేది 14. ఈ సెక్యూరిటీ కెమెరాల మీద యూరప్‌లో ఒక స్టాండర్డ్ ఉంది, అక్కడ ఎవరో ఉన్నారు అని తెలియడానికే మీటరుకి 25 పిక్సెల్స్ కావాలంటుంది, తెలిసిన మనిషిని గుర్తు పట్టాలంటే 125, ముక్కూ మొహం తెలీని మనిషిని రేపు చూసి వీడే అని చెప్పాలంటే 250. మనది 28, అదీ పగలు. ఇప్పుడు షాపతను చెప్పిన 8 మెగాపిక్సెల్ పెట్టండి, అడ్డం 3,840 అయింది, మీటరుకి 40. డబ్బు అంత పెట్టి 28 నుంచి 40కి వచ్చాం, కావల్సింది 250. పైగా ఆ బుల్లెట్ కెమెరాల ఐఆర్ వెలుగు 30 మీటర్లు దాటి పోదు, 40 మీటర్ల అవతల చీకట్లో పిక్సెల్స్ ఎన్నుంటే ఏం లాభం, అన్నీ నల్లటి పిక్సెల్సే.

నా వాదన ఇంతే. ఒక కెమెరాకి చేతగాని పనిని అదే రకం కెమెరా ఇంకోటి పెడితే అది కూడా చెయ్యలేదు. 12 పెట్టినా 20 పెట్టినా అన్నిటికీ ఒకటే జబ్బు, చీకటి పడితే అన్నీ ఒకేసారి పడుకుంటాయి. కదిలేదాన్ని పట్టాలంటే ఒకదాని గుడ్డితనం ఇంకోదానికి లేని రకాలు కలపాలి, కలిపి వాటికి ఒకదాని మాట ఇంకోటి అర్థమయ్యేట్టు చెయ్యాలి. ఈ రెండో ముక్కే కష్టం, దాన్ని ఎవరూ అమ్మరు కాబట్టి ఎవరూ చెప్పరు.

ఇది కొత్త సంగతేం కాదు, క్రికెట్ చూసే ప్రతి ఇంట్లోనూ చూసిందే. 2001లో లార్డ్స్ టెస్టు అప్పుడు టీవీలో మొదటిసారి హాక్-ఐ వచ్చింది, గ్రౌండు చుట్టూ పెట్టిన కెమెరాలు తలా ఒక వైపు నుంచి బంతిని చూసి, అన్నిటి చూపులూ ఎక్కడ కలుస్తాయో లెక్కేసి బంతి దారి గీస్తాయి. కానీ బంతి బ్యాటు అంచుకి తగిలిందా లేదా అనేది ఆ కెమెరాలు ఎన్ని పెట్టినా తేలదు, అందుకే 2006 నవంబరులో బ్రిస్బేన్ యాషెస్ టెస్టుకి హాట్ స్పాట్ తెచ్చారు, అది థర్మల్ కెమెరా, బంతి రాసుకున్న చోట పుట్టే కాస్త వేడిని చూస్తుంది. అది కూడా సన్నటి అంచుల్ని వదిలేస్తోందని 2013 యాషెస్‌లో పెద్ద గొడవయింది. అందుకని స్టంప్ మైకు శబ్దాన్ని స్లో మోషన్ ఫ్రేముల పక్కన పెట్టి చూడటం. ఒక్క ఎల్బీడబ్ల్యూ రివ్యూకి అంచు తగిలిందా అని ఒక రకం సాధనం, బంతి ఎటు పోతుంది అని ఇంకో రకం. 2008లో శ్రీలంకలో మనవాళ్ళ టెస్టు సిరీస్‌లోనే రివ్యూలు ప్రయోగం చేశారు, మన బోర్డు మాత్రం ఎన్నో ఏళ్ళు వద్దు వద్దని 2016లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు ఒప్పుకుంది. అప్పుడు జనం అడిగింది కూడా ఒకటే, ఒక్క కెమెరా చూపించిన గీతని ఎట్టా నమ్మేది అని. సరైన ప్రశ్నే.

ఇంక గుంటల దగ్గరికి వద్దాం. మేం చేసిందేందంటే, 12లో 5 తీసేశాం. మిగిలిన 7 గేటు దగ్గర, షెడ్డు దగ్గర, మేత గోడౌను దగ్గర, తూము దగ్గర, అంటే 10-15 మీటర్ల లోపు చూడాల్సిన చోట్లకి మార్చాం, దగ్గర్లో బుల్లెట్ కెమెరా చాలా మంచి కెమెరా, దాన్ని నేను తిట్టను. కాలవ గట్టు మీదకి ఒక థర్మల్ కెమెరా, షెడ్డు మీద ఇనప స్తంభానికి ఒక పీటీజెడ్. పీటీజెడ్ అంటే మెడ తిప్పే కెమెరా, అటూ ఇటూ పైకీ కిందకీ తిరిగి జూమ్ చేస్తుంది.

థర్మల్ కెమెరా గురించి కొంచెం చెప్పాలి. ఇది వెలుగుని చూడదు, వేడిని చూస్తుంది. మన ఒళ్ళు ఎప్పుడూ 10 మైక్రాన్ల చుట్టుపక్కల తరంగాల్లో వేడి వదుల్తా ఉంటుంది, ఈ కెమెరా 8 నుంచి 14 మైక్రాన్ల దాకా చూస్తుంది, దానికి పగలూ రాత్రీ తేడా లేదు. మామూలు గాజులో నుంచి ఆ తరంగాలు పోవు, అందుకే దాని లెన్సు జర్మేనియంతో చేస్తారు, రేటు అంత ఉండేదీ అందుకే. మేం పెట్టింది చిన్నది, 256 ఇంటూ 192, మొత్తం 50 వేల పిక్సెల్స్ కూడా లేవు. 7 ఎంఎం లెన్సుతో 100 మీటర్ల దూరంలో మనిషంటే 3 పిక్సెల్స్ వెడల్పు, 10 పిక్సెల్స్ ఎత్తు. మొదటి రాత్రి స్క్రీన్ మీద బావని చూపిస్తే "ఏందిరా ఇది, అగ్గిపుల్లా?" అన్నాడు. అగ్గిపుల్లే, కానీ నల్లటి గట్టు మీద తెల్లగా వెలిగే అగ్గిపుల్ల. 40 లక్షల పిక్సెల్స్ కెమెరాకి కనపడనిది దీనికి కనపడింది. ముందు ఐఆర్ వెలుగు లేదు కాబట్టి పురుగులు, గూళ్ళ గోల కూడా దానికి లేదు.

దానికీ జబ్బులున్నాయి, దాచను. మే నెలలో మన ఎండకి గట్టు మట్టి ఒంటి వేడి కంటే బాగా పైకి పోతుంది, మధ్యాహ్నం మనిషి తెల్లగా కాదు నల్లగా కనిపిస్తాడు. సాయంత్రం గట్టు చల్లబడతా వచ్చి ఒక పది ఇరవై నిమిషాలు సరిగ్గా ఒంటి వేడికి సమానమవుతుంది, అప్పుడు మనిషి గట్టులో కలిసిపోతాడు, నేను కళ్ళారా చూశా, కాపలా తాత నడిచి వస్తా వస్తా తెర మీద మాయమయ్యాడు. అయితే అప్పటికి ఇంకా వెలుతురుంటుంది, మామూలు కెమెరా బాగా పని చేసే వేళ అది. రకాలు కలపడంలో లాభం ఇదే, రెండిటి చెడ్డ గంటలు ఒకే గంటలు కావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లా వానల్లో అన్నీ తడిసి ఒకే చల్లదనానికి వచ్చి థర్మల్ బొమ్మ వెలవెలబోతుంది, జనవరి తెల్లవారుజామున మంచు దట్టంగా పడితే రెండూ తడబడతాయి. ఆ వేళ కాపలా మనిషి తిరగాల్సిందే, వేరే దారి లేదు. ఇంకా ఏరియేటర్లు, నీళ్ళు ఎగజిమ్మే ఆ చక్రాల చుట్టూ తెర మీద గళ్ళు గీసి, ఇక్కడ కదిలితే లెక్క చెయ్యొద్దు అని చెప్పాల్సొచ్చింది.

పీటీజెడ్ దీనికి సరిగ్గా రెండో వైపు. 25 రెట్లు జూమ్ చేస్తే 100 మీటర్ల దూరంలో నాలుగున్నర మీటర్ల వెడల్పు మాత్రమే చూస్తుంది, అక్కడ మీటరుకి 430 పిక్సెల్స్ దాకా వస్తాయి, మొహం మీద మచ్చ కూడా కనపడుద్ది. కానీ అటు చూస్తే ఇటు గుడ్డి. దాన్ని ఊరికే గుండ్రంగా తిప్పుతా వదిలేస్తారు చాలామంది, దొంగ వచ్చిన నిమిషంలో అది అటే చూస్తా ఉండాలంటే అదృష్టం ఉండాలి. దానికి ఎక్కడ చూడాలో చెప్పేవాళ్ళు కావాలి. చెప్పేది థర్మల్.

ఇప్పుడు అసలు పని. థర్మల్ తెరలో ఫలానా పిక్సెల్ దగ్గర వేడి ఉంది, సరే, పీటీజెడ్ మెడ ఎన్ని డిగ్రీలు తిప్పాలి? పుస్తకాల్లో ఉండే పద్ధతి హోమోగ్రఫీ, నేల చదునుగా ఉంటే నాలుగు గుర్తులు రెండు కెమెరాల్లోనూ చూపిస్తే చాలు, మిగతావి లెక్కలో వచ్చేస్తాయి. కానీ గుంటల దగ్గర చదునెక్కడుంది, గట్టు ఒక ఎత్తు, బాట ఒక ఎత్తు, కాలవ పక్క ఇంకా పల్లం. మొదట నాలుగు గుర్తులతోనే చేశా, గట్టు మీద మనిషుంటే కెమెరా పోయి నీళ్ళని చూసింది. చివరికి ఏం చేశామంటే, రాత్రి 11కి బావ టార్చి పట్టుకుని గట్లన్నీ తిరిగాడు. కొంత దూరానికొకసారి ఆగేవాడు, నేను షెడ్డులో కూర్చుని థర్మల్‌లో ఆయన ఒంటి వేడి ఏ పిక్సెల్‌లో ఉందో రాసుకునేవాణ్ణి, పీటీజెడ్‌ని టార్చి వెలుగు మీదకి తిప్పి ఆ డిగ్రీలు రాసుకునేవాణ్ణి. వేడి ఒక కెమెరాకి, వెలుగు ఇంకో కెమెరాకి, రెండూ ఒకే మనిషి చేతిలో. అట్టా 34 చోట్లు. ఇప్పుడు కొత్తగా ఏ పిక్సెల్ వచ్చినా చుట్టూ ఉన్న మూడు గుర్తుల మధ్యలో ఎక్కడుందో చూసి డిగ్రీలు లెక్కేస్తుంది. తిరగడం మూడు రాత్రులు పట్టింది, నాకు తెలిసి ఈ మొత్తంలో ఎక్కువ విలువైన పని ఆ మూడు రాత్రులే. తిప్పమనే ఆజ్ఞ పంపడం తేలికే, ఆన్విఫ్ అని కెమెరా కంపెనీలు 2008 నుంచి కలిసి పెట్టుకున్న భాష ఉంది, వేరే వేరే కంపెనీలవైనా దాంట్లో మాట్లాడుకుంటాయి.

చోటు కుదిరాక టైము. అన్నీ కట్టి చూస్తే థర్మల్ ఒకటి చెప్తోంది, మిగతా కెమెరాల రికార్డింగ్ ఇంకోటి చెప్తోంది. తూము దగ్గర మనిషున్నాడని థర్మల్, అదే టైముకి 4వ కెమెరాలో తూము దగ్గర ఎవరూ లేరు. అర పూట తల పట్టుకున్నా. కెమెరా లోపలి గడియారాలు 7 సెకన్లు తేడాగా ఉన్నాయి, 7 సెకన్లలో మామూలుగా నడిచే మనిషి 10 మీటర్లు పోతాడు. గుంటల దగ్గర నెట్ సరిగ్గా ఉండదు కాబట్టి గడియారాలు వాటికవే జరిగిపోతాయి. రికార్డరునే గడియారం చేసి మిగతావన్నీ దాన్నే అడిగేట్టు ఎన్‌టీపీ (గడియారాల్ని ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి) పెడితే సరిపోయింది, డబ్బు ఖర్చు సున్నా. క్రికెట్‌లో మైకు శబ్దం ఒక ఫ్రేము అటో ఇటో జరిగితే అవుట్ నాటౌట్ అవుతుందే, ఇదీ అదే రోగం.

మూడోది ఆలస్యం. థర్మల్ చూసి, కంప్యూటర్ ఆలోచించి, ఆజ్ఞ పోయి, మెడ తిరిగి నిలబడేసరికి ఒకటిన్నర సెకను. పరిగెత్తే మనిషి సెకనుకి 5 మీటర్లు వేసుకుంటే ఏడున్నర మీటర్లు పోయాడు, మన జూమ్ చూసేది నాలుగున్నర మీటర్లు. ఖాళీ గట్టు దొరుకుద్ది. అందుకని ఉన్న చోటికి కాదు, పోబోయే చోటికి తిప్పాలి. వల విసిరేవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు ఇది, చేప ఉన్న చోట వెయ్యడు. లెక్కలో దీనికి కాల్మన్ ఫిల్టర్ అని 1960 నాటి పద్ధతి ఉంది, చంద్రుడి మీదకి పోయిన అపోలో నౌకల్లో దారి లెక్కకి వాడారు. ఇప్పటిదాకా వచ్చిన చోట్లని బట్టి స్పీడు, దిక్కు అంచనా వేస్తుంది, కొత్త చూపు రాగానే అంచనాని సరిచేసుకుంటుంది, చూపు మీద నమ్మకం తక్కువైతే అంచనాకి ఎక్కువ విలువ ఇస్తుంది. వేరే రకాల కెమెరాలు కలపడానికి ఇంత చక్కగా అమరింది ఇంకోటి లేదనిపిస్తుంది నాకు, ఎందుకంటే దానికి చూపు ఏ కెమెరా నుంచి వచ్చిందనేది అడ్డం కాదు, ఆ చూపు ఎంత కచ్చితం అనేది చెప్తే చాలు. ఇద్దరు మనుషులు వచ్చి ఒకరినొకరు దాటితే ఎవరు ఎవరనేది తేల్చడానికి 1955లో కూన్ చెప్పిన హంగేరియన్ పద్ధతి. ఈ రెండూ కలిపి 2016లో సార్ట్ అని ఒక చిన్న ట్రాకర్ రాశారు, నేను మొదలుపెట్టింది దాని మీదే.

ఒంగోలులో నా క్లాస్‌మేట్ ఒకడున్నాడు, వాడిదీ ఇదే రంగం. ఇంత తంటా ఎందుకురా, మంచి ఏఐ మోడల్ ఒకటి పెడితే ఒక్క కెమెరాతో అయిపోద్ది గదా అంటాడు. రెండు గంటలు ఫోన్లో వాదించుకున్నాం. నేననేది ఏందంటే, మోడల్ చూసేది పిక్సెల్స్‌నే, పిక్సెల్‌లో లేనిది అది తెచ్చి పెట్టలేదు, తెచ్చి పెడితే అది ఊహ, ఊహ మీద ఒకరిని దొంగ అనలేం. పైగా నిటారుగా నడిచే మనుషుల బొమ్మలతో నేర్చుకున్న మోడల్‌కి మోకాళ్ళ మీద వంగి వల లాగే మనిషి మనిషిగా తెలియడు, నేను పెట్టి చూశా, బావ వంగితే వదిలేసింది. వాడు ఒప్పుకోలా. నేను పని చేసిన చోట ఈవెంట్ కెమెరా ఉండేది, అది ఇంకో చిత్రం, ఫ్రేములు తియ్యదు, ఏ పిక్సెల్ దగ్గర వెలుగు మారితే ఆ పిక్సెల్ మాత్రమే మాట్లాడుతుంది. 2008లో జూరిక్‌లో చేసిన 128 ఇంటూ 128 దాంట్లోనే స్పందన 15 మైక్రోసెకన్లు, తిరిగే ఫ్యాన్ రెక్కలు ఒక్కొక్కటీ విడిగా కనపడతాయి. అంత గొప్పదానికి కూడా ఎదురుగా మనిషి కదలకుండా నిలబడితే కనపడడు, అందుకని దాని పక్కన మామూలు ఫ్రేము కెమెరా పెట్టి కలుపుతారు. గుంటల దగ్గరికి దాని ధర మనం మోయలేం గానీ, ఈ వాదనకి అంతకంటే మంచి సాక్ష్యం నా దగ్గర లేదు.

ఒక సంగతి మాత్రం లెక్కల్లో లేదు. అన్నీ బిగించిన రోజు కాపలా తాత వచ్చి నా పక్కన నిలబడి, "బాబూ, ఇది నన్ను గూడా చూస్తాదా?" అని అడిగాడు. చూస్తుంది తాతా అన్నా. ఆయన ఇంకేం అనలా, కండవా దులుపుకుని పోయాడు. డెబ్బై దగ్గరి మనిషి, నడి రాత్రి గంట సేపు కునుకు తీస్తాడు, ఇంక తనతో పని లేదంటారేమో అని ఆయన భయం. ఆ రాత్రే బావతో గట్టిగా చెప్పా, అలర్ట్ ముందు తాత ఫోనుకే పోవాలి, గంటలాగ మోగాలి, తాత లైటు వెయ్యాలి, రికార్డింగ్ తాత మీద లెక్కలు చూసుకోవడానికి కాదు అని. ఇంకోటి, తెల్లారుజామున కాలవ గట్టు మీద కూలికి పోయే ఆడవాళ్ళ దారి ఉంది. మొహం మచ్చ కూడా చూపించే కెమెరా వాళ్ళ వెంట తిరగడం తప్పు. 5 దాటాక ఆ దారి మీదకి పీటీజెడ్ తిరగకుండా ఆపేశా, తెరలో ఆ పట్టీని నల్లగా కప్పేశా. ఎవరి వెంట పడకూడదో కూడా రాసుకోవాలి, కెమెరా అమ్మేవాళ్ళు దీన్ని ఒక్క మాట అనరు.

ఇది పెట్టిన తర్వాత ఒక పంట గడిచింది. రోజుకి వందల అలర్ట్‌లు పోయి రాత్రికి మూడో నాలుగో వస్తున్నాయి, ఎక్కువ కుక్కలు, రెండు సార్లు నక్క. ఎత్తుని బట్టి, నడక స్పీడుని బట్టి కుక్కని విడదీస్తున్నాం. ఒక రాత్రి ఒంటిగంటన్నరకి కాలవ అవతల బండి ఆగి ఇద్దరు దిగారు, గంట మోగింది, తాత ఫోకస్ లైటు వేశాడు, నిమిషంలో వెళ్ళిపోయారు. వాళ్ళు వల కోసం వచ్చారో వేరే పని మీద ఆగారో నాకు తెలీదు, తెలుసుకోవాల్సిన పని కూడా లేదనుకున్నాం. ఉప్పు గాలికి కేబుల్ కనెక్టర్లు పచ్చబడి రెండు సార్లు మార్చాం, ఇప్పుడు గ్రీజు పూసి టేపు చుడుతున్నాం.

లొంగంది నీటికాకులు. తెల్లారేసరికి గుంపులుగా దిగి రొయ్యలు తింటాయి, జబ్బు పడ్డ గుంటలో తిని పక్క గుంటలో రెట్ట వేస్తే రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ జబ్బు పాకే భయం ఒకటి. థర్మల్‌లో అవి చుక్కల్లాగ బాగానే కనపడతాయి, కానీ మా టార్చి పట్టిక గట్టు మీద నిలబడ్డవాటికే. గాల్లో ఉన్న పిట్ట ఒక్క కెమెరాకి 30 మీటర్ల దూరంలో ఉన్నా 150 మీటర్ల దూరంలో ఉన్నా ఒకే పిక్సెల్‌లో పడుతుంది, ఒక్క కన్నుకి దూరం తెలీదు, దిక్కే తెలుస్తుంది. శ్రీహరికోట షార్‌లో రాకెట్ వదిలినప్పుడు మా మేడ మీద నుంచి నేను ఎన్నోసార్లు ఫోన్లో తీశా, పైకి పోతోందని తెలుస్తుంది, ఎంత దూరం పోయిందో ఆ వీడియో చెప్పదు, దూరానికి వాళ్ళకి రాడార్లున్నాయి. గుంటల మీదకి రాడార్ తేలేను. రెండో థర్మల్ ఇంకో మూల నుంచి పెట్టి, రెండు చూపులూ కలిసే చోటు లెక్కెయ్యాలి, హాక్-ఐ బంతికి చేసినట్టు. దానికి గుర్తులు నేల మీద కాదు గాల్లో కావాలి. వేణ్ణీళ్ళు పోసిన స్టీలు చెంబుని పొడుగాటి వెదురు బొంగు చివర కట్టి గట్ల మీద తిప్పుదామని అనుకున్నాం. బొంగు బావ తెచ్చి షెడ్డు గోడకి ఆనించి పెట్టాడు, ఈ పంట పట్టుబడి అయ్యాక మొదలుపెడతాం.